ఆటోక్రాస్‌కు కారు సన్నాహం: కామారెడ్డి, ఎల్లారెడ్డి నేలల మీద

ఆటోక్రాస్ అంటే గడియారంతో పెట్టుకునే కారు పందెం. చదునైన ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి, వాటి మధ్య మెలికలు తిరిగే దారి వేస్తారు. ఒకసారికి ఒకే కారు ఆ దారిలోకి దిగుతుంది. చివరి కోను దాటేసరికి ఎన్ని సెకన్లు పట్టిందన్నదే ఫలితం. కోను పడితే శిక్షగా కొన్ని సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకి రాదు. బ్రిటన్‌లో ఈ పేరుతో పచ్చిక నేలల మీద పోటీలు జరుగుతాయి. అమెరికాలో 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా దీన్ని సోలో పేరుతో పెంచి, 1973 నుంచి జాతీయ స్థాయి పోటీలు జరుపుతోంది. అక్కడ పాత విమానాశ్రయాల కాంక్రీటు మీద, పెద్ద పార్కింగ్ స్థలాల్లో ఆడతారు. ఒక్కో కోనుకు 2 సెకన్ల శిక్ష. మన దేశంలో ఈ ఆటకు అధికార సంస్థ ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. ఇక్కడ ఎక్కువ పోటీలు మట్టి మీదే నడుస్తాయి. ఒక్క పరుగు నిమిషం అటూ ఇటూగా ముగుస్తుంది. వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటడం అరుదు. చాలావరకు రెండో గేరులోనే నడుస్తుంది. ఆట స్వభావం ఇదీ అని ముందే తెలుసుకోకపోతే కారును ఎలా సిద్ధం చేయాలన్న ప్రశ్నకు తప్పు జవాబు దొరుకుతుంది. చాలామందికి దొరుకుతున్నది ఆ తప్పు జవాబే.

ఆ ప్రశ్నను ఇక్కడ తెలంగాణలోని రెండు ఊళ్ల నేలల మీద చూద్దాం. కామారెడ్డి 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడి జిల్లా కేంద్రమైంది. ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజన్. కామారెడ్డి శ్రీనగర్–కన్యాకుమారి జాతీయ రహదారి 44 మీద ఉంది. ఎల్లారెడ్డి మెదక్ నుంచి రుద్రూరు వైపు పోయే దారి మీద, 1923–31 మధ్య మంజీర మీద కట్టిన నిజాంసాగర్‌కు దగ్గరలో ఉంది. కారు పందేలకు ఈ ఊళ్లు పేరు పడలేదు. తెలంగాణలో అంతర్జాతీయ స్థాయి ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పోటీ ఒక్కసారే నడిచింది: 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద జరిగింది, ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగాల్సిన పోటీ 2024 జనవరిలోనే రద్దయింది. శాశ్వత ట్రాక్ మీద తిప్పాలనుకుంటే కోయంబత్తూరుకో, చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైకో, గ్రేటర్ నోయిడాకో పోవాలి. ఆటోక్రాస్‌కు అవేవీ అక్కర్లేదు. చదును చేసిన నాలుగైదు ఎకరాల మొరం నేల, కోన్లు, సమయం కొలిచే పరికరం, అనుమతి, అంబులెన్సు ఉంటే చాలు. చిన్న ఊరి ఔత్సాహికుడికి అందగల మోటారు పోటీ ఇదొక్కటే. అందుకే ఇక్కడి నేలను, ఎండను, చట్టాన్ని లెక్కలోకి తీసుకుని కారును సిద్ధం చేసే పద్ధతిని ఆలోచించడం అవసరం.

ఈ వ్యాసం వాదన ఒక్కటే: ఆటోక్రాస్ కారుకు కావలసింది మొదట పట్టు, ఆఖరున బలం. టైరుకూ నేలకూ మధ్య పట్టును పెంచడానికీ, ఉన్న పట్టును నాలుగు చక్రాలకూ సరిగ్గా పంచడానికీ పెట్టే శ్రమే సెకన్లుగా తిరిగి వస్తుంది. ఇంజిన్ మీద పెట్టే డబ్బు శబ్దంగా వచ్చినంతగా సమయంగా రాదు. వరి పొలాల మధ్య ఉన్నవారికి ఈ మాట కొత్తగా అనిపించకూడదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనక చక్రాలకు ఇనుప కేజ్ వీల్స్ ఎందుకు బిగిస్తారు? ముందు భాగాన ఇనుప దిమ్మెలు ఎందుకు తగిలిస్తారు? యాభై గుర్రాల ఇంజిన్ ఉన్న ట్రాక్టరు కూడా పట్టు లేని బురదలో చక్రం తిప్పుకుంటూ దిగబడిపోతుంది. అప్పుడు ఎవరూ ఇంకా పెద్ద ఇంజిన్ కావాలనరు, చక్రం కింద రాళ్లో కట్టెలో వేస్తారు. రైతుకు తెలిసిన ఈ సత్యాన్ని కారు విషయంలో మరిచిపోవడమే విచిత్రం.

మాటలతో కాకుండా లెక్కతో చూద్దాం. డ్రైవరుతో కలిపి 1000 కిలోల బరువున్న చిన్న కారు, అంటే ఇప్పటి స్విఫ్ట్ లాంటిది, గట్టి కాంక్రీటు మీద 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న అర్ధవృత్తాన్ని తిరగాలి. టైరు పట్టు గుణకం 0.9 అయితే అది జారకుండా తిరగగల గరిష్ఠ వేగం సెకనుకు 11.5 మీటర్లు, అంటే గంటకు 41 కిలోమీటర్లు. 47 మీటర్ల ఆ మలుపుకు 4.1 సెకన్లు పడుతుంది. మంచి టైరు వేసి పట్టును 1.0కి తెస్తే వేగం 12.1 మీటర్లు, సమయం 3.9 సెకన్లు. ఒక్క మలుపులో 0.2 సెకను మిగిలింది. ఇప్పుడు పట్టును అలాగే ఉంచి ఇంజిన్ బలం పది శాతం పెంచుదాం. మలుపు తర్వాత 40 మీటర్ల నేరుదారి ఉందనుకుంటే, మామూలు ఇంజిన్‌తో అది దాటడానికి సుమారు 2.63 సెకన్లు, బలం పెంచిన ఇంజిన్‌తో 2.58 సెకన్లు. మిగిలింది 0.05 సెకను. నాలుగు నేరుదారుల్లో ఇంజిన్ సంపాదించేదాన్ని టైరు ఒక్క మలుపులో సంపాదిస్తుంది. పైగా టైరు పట్టు మలుపులోనే ఆగిపోదు. బ్రేకు వేసేటప్పుడూ పనికొస్తుంది, మలుపు నుంచి ఎక్కువ వేగంతో బయటపడేలా చేసి తర్వాతి నేరుదారిని కూడా తగ్గిస్తుంది. ఇంజిన్ బలం నేరుదారిలో యాక్సిలరేటర్ అణిచిన ఆ రెండు మూడు సెకన్లకే పరిమితం.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం: లెక్క కాంక్రీటుకు వేశారు, మన పోటీలు మట్టి మీద కదా, అక్కడ బలమున్న కారే దుమ్ము లేపుకుంటూ ముందుకు పోతుంది కదా అన్నది. మట్టి మీద లెక్క ఇంజిన్‌కు ఇంకా ప్రతికూలం. వదులు మొరం మీద పట్టు గుణకం 0.5 దగ్గర ఉందనుకుందాం. ముందు చక్రాలతో నడిచే కారులో బరువులో అరవై శాతం ముందు ఇరుసు మీద ఉంటుంది. కాబట్టి ఆ చక్రాలు నేలకు అందించగల తోపు సుమారు 2900 న్యూటన్లు. కారు ముందుకు ఉరికినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది గనుక నిజానికి అంతకన్నా తక్కువే. మామూలు 1.2 లీటర్ల ఇంజిన్ రెండో గేరులో ఇంచుమించు అంత తోపును అప్పటికే ఇస్తోంది. మొదటి గేరులో దాన్ని చాలా మించిపోతుంది. అంటే కంపెనీ నుంచి వచ్చిన ఇంజినే మొరం పట్టునంతా వాడేస్తోంది. దాని మీద ఎక్కించిన బలం ముందు చక్రాలను ఉన్నచోటే తిప్పి గుంట తవ్వుతుంది. లేచిన దుమ్ము చూసేవారికి వేగంలా కనిపిస్తుంది, గడియారానికి కనిపించదు. బలం నిజంగా పనికిరావాలంటే ఒక చక్రం జారినా రెండోదానికి తోపు అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉండాలి, లేదా నాలుగు చక్రాలకూ తోపు అందాలి. మారుతి జిప్సీ అంత పాత నిర్మాణంతో, కమాను కట్టలతో ఉండి కూడా దశాబ్దాల పాటు మన మట్టి పోటీల్లో నిలబడిందంటే కారణం ఇంజిన్ గొప్పదనం కాదు, నాలుగు చక్రాల పట్టు.

కాబట్టి సన్నాహం టైరు దగ్గర మొదలు కావాలి. ఒక చిన్న కారు టైరు నేలను తాకే భాగం మనిషి అరచేయి అంత. నాలుగు అరచేతుల మీద వెయ్యి కిలోల బరువు మలుపు తిరుగుతోంది. టైరు మార్చే స్తోమత ఉంటే అన్ని మార్పుల కన్నా ముందు చేయాల్సింది అదే. గట్టి నేలకైతే మెత్తని రబ్బరు, గట్టి పక్కగోడలు ఉన్నవి. మట్టికైతే లోతైన, విడివిడి గాళ్లు ఉన్నవి. ఒకే టైరుతో రెండింటా గెలవాలనుకోవడం పనికిరాదు. డబ్బు లేనివారికి కూడా టైరులో ఒక ఉచిత వనరు ఉంది: గాలి. కారు తలుపు అంచున రాసి ఉన్న గాలి కొలత సుఖ ప్రయాణానికీ, మైలేజీకీ, టైరు మన్నికకూ కలిపి చేసిన రాజీ. మలుపులో బయటి ముందు టైరు మీద బరువంతా పడితే ఆ కొలత దగ్గర టైరు పక్కగోడ మడతపడి, నేల మీద నడవాల్సిన భాగం బదులు భుజం నేలకు రాసుకుంటుంది. దీన్ని కనిపెట్టడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. టైరు భుజం మీద సుద్దతో మూడు చోట్ల అడ్డగీతలు గీసి, ఒక పరుగు తీసి వచ్చి చూడాలి. గీత భుజం కిందిదాకా చెరిగిపోతే గాలి తక్కువైంది, అసలు చెరగకపోతే ఎక్కువైంది. నడిచే భాగం అంచు దాటి కొంచెం దాకా చెరిగితే సరిపోయింది. గట్టి నేల మీద మామూలు టైరుకు గాలి పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది. వదులు మట్టి మీద కొద్దిగా తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడుతుంది.

గాలి విషయంలో ఈ ప్రాంతపు వాతావరణాన్ని మరవకూడదు. ఉష్ణోగ్రత ఐదున్నర డిగ్రీలు పెరిగితే టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున 26 డిగ్రీలున్నది మధ్యాహ్నానికి 42 డిగ్రీలకు చేరితే, ఎవరూ ముట్టుకోకుండానే టైరులో 3 పీఎస్‌ఐ పెరిగినట్టు. ఎండలో కాలిన కాంక్రీటు మీద నిలబెడితే ఇంకా ఎక్కువ. పొద్దున సరిపోయిన కారు మధ్యాహ్నం ముక్కు జారుతుంటే డ్రైవరు తనను తానో, మెకానిక్కునో నిందించుకుంటాడు. మారింది టైరులోని గాలి మాత్రమే. ప్రతి పరుగుకూ ముందు కొలవడం, కొలిచింది నోటుపుస్తకంలో రాయడం, పరుగుల మధ్య కారును నీడలో నిలపడం, టైర్ల మీద నీళ్లు చల్లడం ఖర్చు లేని పనులు. నమ్మకమైన గేజీ ఒకటి సొంతంగా ఉండాలి. పంక్చరు షాపులో ఒక గేజీ, పెట్రోలు బంకులో మరో గేజీ చూపించే అంకెల తేడా మనం సరిదిద్దాలనుకున్న తేడా కన్నా ఎక్కువ ఉండొచ్చు.

తర్వాతిది చక్రాల అమరిక, అంటే అలైన్‌మెంట్. మూడు కోణాల్లో ఆటోక్రాస్‌కు ముఖ్యమైనవి రెండు. క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం నిలువుగా ఉందా, పైభాగం లోపలికి వాలి ఉందా అన్నది. కారు మలుపులో పక్కకు ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా బయటికి వాలుతుంది. ముందే దాన్ని లోపలికి వాల్చి ఉంచితే మలుపులో అది నేలకు సమంగా ఆనుతుంది. గట్టి నేల మీద తిప్పే కార్లకు రెండు డిగ్రీల దాకా లోపలి వాలు మేలు చేస్తుంది. మన చిన్న కార్లలో చాలావాటికి కంపెనీ ఈ సర్దుబాటు ఇవ్వదు; స్ట్రట్ బోల్టు రంధ్రంలో ఉన్న కొద్దిపాటి వెసులుబాటుతో దొరికినంత తీసుకోవాలి. టో అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు పాదాల్లా లోపలికి తిరిగి ఉన్నాయా, బయటికి విచ్చుకుని ఉన్నాయా అన్నది. కొద్దిగా బయటికి విచ్చితే స్టీరింగు తిప్పగానే ముక్కు మలుపులోకి దూకుతుంది. ఇది టై రాడ్ దగ్గర స్పానరుతో తేలిగ్గా మారేది, అలాగే తేలిగ్గా మళ్లీ సరిచేసేది. జాతీయ రహదారి మీద గంటకు ఎనభైలో నడిచేటప్పుడు అదే అమరిక కారును అటూ ఇటూ లాగుతుంది, టైరు లోపలి అంచును తినేస్తుంది. పోటీ రోజున మార్చి, తిరుగు ప్రయాణానికి ముందు సరిచేయగలిగితేనే దీని జోలికి పోవాలి.

షాకబ్జర్లు, స్ప్రింగుల దగ్గరికి వచ్చేసరికి తప్పుడు నమ్మకాలు గుంపుగా ఎదురవుతాయి. కారును కిందికి దించి గట్టి స్ప్రింగులు వేస్తే రేసు కారు అయిపోతుందన్నది వాటిలో మొదటిది. మలుపులో జరిగేది ఇది: 1000 కిలోల కారు, గురుత్వ కేంద్రం నేలకు 53 సెంటీమీటర్ల ఎత్తులో, చక్రాల మధ్య వెడల్పు 150 సెంటీమీటర్లు అనుకుంటే, గట్టి నేల మీద నిండు వేగంతో తిరిగేటప్పుడు దాదాపు 320 కిలోల బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారుతుంది. బయటి రెండూ 820 కిలోలు మోస్తే లోపలి రెండూ 180 మోస్తాయి. ఈ మొత్తం స్ప్రింగుల గట్టితనంతో తగ్గదు; ఎత్తు తగ్గితేనో, వెడల్పు పెరిగితేనో, బరువు తగ్గితేనో తగ్గుతుంది. స్ప్రింగులు, కారు ఒరగడాన్ని అడ్డుకునే యాంటీ రోల్ బార్లు చేసేది ఆ మార్పిడిని ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య పంచడం. టైరుకు ఒక గుణం ఉంది: దాని మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంత తక్కువే పెరుగుతుంది. అందువల్ల ఏ ఇరుసు మీద బరువు మార్పిడి ఎక్కువైతే ఆ ఇరుసు ముందుగా జారుతుంది. ముందు చక్రాలతో నడిచే కార్లలో అప్పటికే ముందు ఇరుసు మోయలేనంత మోస్తోంది: నడపడమూ అదే, తిప్పడమూ అదే, బ్రేకులో ఎక్కువ వంతూ అదే. కాబట్టి గట్టితనం పెంచాల్సింది వెనక. వెనక టైర్లలో గాలి కొద్దిగా పెంచడం, వీలైతే వెనక యాంటీ రోల్ బార్ గట్టిపరచడం కారును తిప్పుతాయి. మలుపులో వెనక లోపలి చక్రం నేల వదిలి లేచినా భయపడనక్కర్లేదు, వేగంగా తిరిగే ముందు చక్రాల కార్లలో అది మామూలు. మట్టి మీద మాత్రం గట్టితనం శత్రువు. చక్రం గుంటను అనుసరించి నేలను వదలకుండా ఉండాలంటే స్ప్రింగు మెత్తగా, ప్రయాణం ఎక్కువగా, షాకబ్జర్ ఆరోగ్యంగా ఉండాలి. కారిపోయిన పాత షాకబ్జర్లను కొత్తవి చేయడం ఎత్తు సర్దుకోగల ఖరీదైన స్ప్రింగు-షాకబ్జర్ జతల (కాయిలోవర్ల) కన్నా ముందు రావాలి. కారును కిందికి దించడం బదులు ఇంజిన్ కింద గట్టి సంప్ గార్డ్ బిగించాలి; మొరంలో ఒక్క రాయి ఆయిల్ సంప్‌ను చీల్చితే ఆ రోజు ఆట అయిపోయినట్టే.

బ్రేకుల గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది, కానీ ఉపేక్షించకూడదు. పరుగు చిన్నది కాబట్టి బ్రేకులు మండిపోయే స్థితి రాదు. కానీ నీరు పీల్చిన పాత బ్రేక్ ఆయిల్ ఎండ రోజుల్లో వరస పరుగుల్లో ప్రమాదం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. సీజను ముందు మార్చాల్సిందే. చేతి బ్రేకు కేబులు బిగువుగా ఉండాలి. బిగుతు మలుపుల్లో వెనక చక్రాలను క్షణం పాటు ఆపి కారును తిప్పడానికి ముందు చక్రాల కారుకు అదే ఆయుధం. వదులు మట్టి మీద ఏబీఎస్ ఉన్న కారు ఆగే దూరం పెరుగుతుందని కూడా తెలిసి ఉండాలి. బిగుసుకున్న చక్రం ముందు మట్టి కుప్పపడి అడ్డుగా పనిచేస్తుంది. ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకోనివ్వదు కాబట్టి ఆ సాయం దొరకదు. దానికి మందు ముందుగా బ్రేకు వేయడమే, ఏబీఎస్ ఫ్యూజు పీకడం కాదు.

ఇంజిన్‌కు అసలేమీ చేయవద్దా? చేయాలి, కానీ బలం కోసం కాదు, ఆరోగ్యం కోసం. 42 డిగ్రీల ఎండలో గాలి 20 డిగ్రీల గాలి కన్నా 7 శాతం పల్చన. టర్బో లేని ఇంజిన్ ఆ మేరకు బలం కోల్పోతుంది. బానెట్ కింది వేడి గాలి పీల్చేలా గొట్టం మార్చి శబ్దం పెంచుకున్నవారు ఇంకొంత కోల్పోతారు. రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, గడ్డి నీళ్లతో కడగడం, కూలెంటు మార్చడం, ఫ్యాను సరిగా తిరుగుతోందో చూడడం, ప్రతి పోటీ తర్వాత ఎయిర్ ఫిల్టరు తీసి చూడడం నిజమైన ఇంజిన్ సన్నాహం. కంపెనీ కాగితపు ఫిల్టరు సన్నని దుమ్మును బాగానే ఆపుతుంది. దాన్ని తీసేసి పరిగెత్తితే ఇసుక నేరుగా సిలిండర్లలోకి పోతుంది. టర్బో కార్లకు కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి బలం గణనీయంగా పెంచగలరన్నది నిజమే. టైరు, అమరిక, షాకబ్జరు, డ్రైవరు అన్నీ హద్దుకు చేరాక, పోటీ వర్గం అనుమతిస్తే, అప్పుడు దాని వంతు. అమెరికా సోలో పోటీల స్ట్రీట్ వర్గం నిబంధనలు ఈ క్రమాన్నే బలపరుస్తాయి: షాకబ్జర్లు, ఒక యాంటీ రోల్ బార్, బ్రేకు ప్యాడ్లు మార్చుకోనిస్తారు, టైరు అరుగుదల అంకె (ట్రెడ్‌వేర్) 200కు తగ్గకూడదంటారు, ఇంజిన్ లోపల చేయి పెట్టనివ్వరు. దశాబ్దాల అనుభవం ఉన్న ఆ నిబంధనల కింద కూడా పోటీ తీవ్రంగానే సాగుతుంది.

మరో అభ్యంతరం డబ్బున్నవారి నుంచి కాదు, లేనివారి నుంచి వస్తుంది: స్పోర్ట్స్ కారు లేనప్పుడు ఈ ఆట మాకెందుకు? ఇరుకు మలుపుల మధ్య తేలికైన పాత కారు విలువ పెరుగుతుంది. 800 సీసీ ఇంజిన్‌తో ఆరేడు వందల కిలోల బరువుండే మారుతి 800 బిగుతు మలుపులో కదిలే తీరు పెద్ద సెడాన్‌కు రాదు. 2000లో వచ్చిన హోండా సిటీ వీటెక్, మారుతి ఎస్టీమ్, తొలి స్విఫ్ట్ లాంటివి మన దేశపు ఔత్సాహికుల చేతుల్లో చాలాకాలం తిరిగాయి. స్టెప్నీ, జాకీ, పనిముట్లు, సీటు కింద నీళ్ల సీసాలు, డిక్కీలో స్పీకర్ల పెట్టె తీసేస్తే ముప్పై నలభై కిలోలు పైసా ఖర్చు లేకుండా తగ్గుతాయి. వదులుగా ఉన్న వస్తువు మలుపులో పెడల్ కిందికి దొర్లితే ప్రాణానికి ముప్పు కాబట్టి అది భద్రతా నియమం కూడా. అన్నిటికన్నా చవకైన మార్పు డ్రైవరులో ఉంది: పరుగుకు ముందు కోన్ల దారిని కాలినడకన రెండు మూడుసార్లు తిరిగి గుర్తుపెట్టుకోవడం, సీటును దగ్గరికి జరిపి భుజాలు సీటుకు ఆనేలా కూర్చోవడం, దగ్గరి కోనును కాక తర్వాతి మలుపును చూడడం. ఇవి కొత్తవాడికి సెకన్లలో లాభమిస్తాయి. పైన లెక్కించిన ఇంజిన్ లాభం సెకనులో వందో వంతుల్లో ఉంది.

చట్టం కూడా పట్టు ముందు, బలం తర్వాత అన్న ఈ క్రమం వైపే నిలుస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ రాతపూర్వక సమ్మతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వేగపు పందెం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా 5000 రూపాయల దాకా జరిమానా, మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా; రెండూ కూడా పడొచ్చు. 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన నిర్మాణ వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. కారులోనే పోటీకి వెళ్లి కారులోనే ఇంటికి రావాల్సిన ఔత్సాహికుడికి దీని అర్థం స్పష్టం: మళ్లీ మామూలుకు తేగల మార్పులే అతనివి. గాలి, టో, బ్రేక్ ఆయిల్, ఆరోగ్యమైన షాకబ్జర్లు ఆ జాబితాలో ఉంటాయి. మార్చిన ఎగ్జాస్టు, మార్చిన ఇంజిన్ ఉండవు. మామూలు ప్రైవేటు కారు బీమా పాలసీ నిర్వహిత రేసులను, వేగ పరీక్షలను మినహాయిస్తుంది, అంటే మైదానంలో జరిగిన నష్టం సొంత జేబు మీదే. ఆటోక్రాస్ పిల్లలను రోడ్డు పందేల వైపు నెడుతుందన్న ఆందోళన ఉంది. దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని, ఒక్కడే, ప్రేక్షకులకు దూరంగా, కోన్ల మధ్య తన కారు హద్దు తెలుసుకున్న యువకుడికి రోడ్డు మీద అదే హద్దు ఎంత దగ్గరలో ఉందో కూడా తెలుస్తుంది. గంటకు 41 కిలోమీటర్ల దగ్గరే టైరు జారడం మొదలుపెట్టిందని ఒకసారి చూసినవాడికి రోడ్డు మలుపు మరోలా కనిపిస్తుంది.

మైదానం ఎంపిక కూడా కారు సన్నాహంలో భాగమే, ఎందుకంటే నేలను బట్టే టైరు, గాలి, స్ప్రింగు. కామారెడ్డి జిల్లాలో ఎర్ర చెలక నేలలూ, నల్లరేగడీ రెండూ ఉన్నాయి. ఎండాకాలం రేగడి పగుళ్లిచ్చి చక్రాన్ని విరగ్గొట్టేంత గుంటలు పడుతుంది. తడిస్తే టైరు గాళ్లన్నీ పూడుకుపోయి నాలుగు చక్రాలూ నున్నని ఉండలవుతాయి. రేగడి మీద ఆటోక్రాస్ వద్దు. చెలక నేల మీద మొరం పోసి రోలరు తిప్పిన స్థలం ఏడాదిలో ఎక్కువ నెలలు పనికొస్తుంది. తడి ఆరిన మర్నాడు దాని పట్టు అత్యధికం, మధ్యాహ్నానికి పైపొర దుమ్మైపోయి పట్టు తగ్గుతుంది. మొదట పరిగెత్తే కార్లు వదులు రాళ్లను పక్కకు ఊడ్చి దారి చేస్తాయి కాబట్టి ఉదయం చివర వెళ్లినవారికి కొంత లాభం. సిమెంటు కల్లాలున్న మార్కెట్ యార్డుల మీద కన్ను పడటం సహజమే. కానీ వానాకాలం, యాసంగి కోతల నెలల్లో అవి ధాన్యంతో నిండి ఉంటాయి, అప్పుడు ఆ స్థలం రైతుదే. మిగిలిన నెలల్లో కూడా దీపస్తంభాలు, గోదాము గోడలు, అరుగుల అంచులు కోన్ల దారికి తగినంత దూరంలో లేకపోతే ఒప్పుకోకూడదు. మేకలు, కుక్కలు దూరకుండా చుట్టూ తాడు, ప్రతి మలుపు దగ్గరా ఎర్ర జెండాతో మనిషి, అగ్నిమాపక సిలిండరు లేకుండా మొదటి కారు కదలకూడదు.

పోటీ ముగిశాక ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా కామారెడ్డి వైపు బయలుదేరే ముందు చేయాల్సిన పని ఇంకో అరగంట ఉంది. టైర్లు చల్లబడ్డాక గాలిని తలుపు అంచున రాసిన కొలతకు తేవాలి. టో మార్చి ఉంటే టై రాడ్ మీద ముందుగా వేసుకున్న రంగు గుర్తు దగ్గరికి తిప్పి లాక్ నట్టు బిగించాలి. రిమ్ముల లోపల అంటుకున్న మట్టి గడ్డలు కడిగేయకపోతే రహదారి వేగంలో స్టీరింగు వణుకుతుంది, అది అలైన్‌మెంట్ తప్పని పొరపడతారు. నాలుగు చక్రాల నట్ల బిగువూ చూడాలి. టైరు పక్కగోడల్లో ఉబ్బు, చీలిక ఉందేమో వేళ్లతో తడమాలి. స్టెప్నీ, జాకీ మళ్లీ డిక్కీలోకి చేరాలి. రహదారి మీద ఓ ముప్పై కిలోమీటర్లు నడిచాక ఆగి నట్లు మరోసారి బిగించి చూసుకోవాలి.